మినుమేనా అని అడిగాను

కప్పను కోయడం ఇష్టంలేక నేను లెక్కల్లోకి వచ్చాను. ఇంటర్ ఫారం నింపుతూ మా నాన్న "బైపీసీ వద్దా?" అని అడిగితే, "కప్పని కోయమంటారు, నేను కోయను" అని తెగేసి చెప్పాను. ముప్పై అయిదేళ్ల తర్వాత చూస్తే అదే నేను, మొక్కల వంశవృక్షాలు తేల్చే పనిలో తలమునకలుగా ఉన్నాను. ఆ పనిలోనే రిటైరయ్యాను. ఉద్యోగంలో ఆ చివరి ఆరేళ్లంత హుషారుగా మరే ఆరేళ్లూ గడవలేదు. పటమట నుంచి కాలేజీకి ఆటోలో వెళ్తూ, నిన్న వదిలి వచ్చిన లెక్క ఎంతవరకు వచ్చిందో అని సీట్లో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

ఇప్పుడు ఈ పనిలోకి చాలామంది పిల్లలు వస్తున్నారు. గణితం వచ్చు, కంప్యూటర్ వచ్చు, జన్యువులంటే సరదా. కొందరు మా ఇంటికి కూడా వచ్చి ఏం చదవాలి మేడమ్ అని అడుగుతారు. ఏం చదవాలో మీ పుస్తకాల్లో ఉంది. నేను రాసేది నాకు ఆ పుస్తకాల్లో దొరకని సంగతి. ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాలు ఇందులో ఉండవు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని నా దగ్గర చదివిన వాళ్లందరికీ తెలుసు. ఆ కోపం వల్ల ఒక అమ్మాయి చదువు మునిగిపోబోయిన సంగతి కొద్దిమందికే తెలుసు.

పాల వ్యాన్లు

ముందు నా పని ఏమిటో చెప్పాలి. దాన్ని ఆప్టిమైజేషన్ అంటారు. ఒక పనికి లక్ష దారులుంటే, అన్నీ నడిచి చూడకుండానే వాటిలో మంచిది ఇదీ అని లెక్కతో తేల్చడం. తేల్చడం అనే మాట మీద నాకు పట్టింపు ఎక్కువ. దారి చూపించడం ఒక్కటే చాలదు, ఇంతకంటే మంచిది లేదని రుజువు కూడా చూపించాలి. రుజువు లేకపోతే అది మన అభిప్రాయం అంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక డెయిరీ వాళ్లు, హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లలో పాలు ఎత్తే వ్యాన్లకు రూటు వేసివ్వమన్నారు. నెల రోజులు కూర్చుని వేశాను. ఇంతకంటే తక్కువ కిలోమీటర్లలో కుదరదని రుజువుతో సహా ఇచ్చాను. మూడో రోజున మస్తాన్ గారని ఒక పెద్ద వయసు డ్రైవరు, నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని కాలేజీకి వచ్చారు.

"దారి బాగానే ఉందమ్మా. మీ కాగితంలో గేదెలన్నీ ఒకే టైముకి పాలిస్తున్నాయి, అదొక్కటే ఇబ్బంది" అన్నారు.

ఒక ఊళ్లో ముందు పాలు పితికి తర్వాత పొలం వెళ్తారట. ఇంకో ఊళ్లో ముందు పొలం పని చూసుకుని వచ్చి పితుకుతారట. నా రూటు ప్రకారం వెళ్తే ఒక చోట పాలు ఎదురుచూసి విరిగిపోతున్నాయి, ఇంకో చోట వ్యాన్ ఎదురుచూస్తోంది. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, ఏ ఊళ్లో ఎన్నింటికి పితుకుతారో రాసుకున్నాను. కొత్త రూటులో కిలోమీటర్లు పెరిగాయి, పాలు విరగడం ఆగిపోయింది. నా లెక్క తప్పు కాదు, లెక్కకు నేనిచ్చిన ప్రశ్నే తప్పు. ఆ పాఠం అప్పుడే వంటబట్టిందని అనుకున్నాను. పట్టలేదని ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది.

నలుగురు సుబ్బారావులు

శేషయ్య గారు మా కాలేజీలో బోటనీ హెడ్డు. మనిషి ఆరడుగులు, గొంతు ఇంకా పొడుగు. గట్టు మీద నడుస్తూ కింద ఉన్న గడ్డిపరకల పేర్లు చెప్పగలరు గాని, పక్కనున్న మనిషి మాట పూర్తిగా వినరు. ఒకరోజు స్టాఫ్ రూంలో నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. పది మొక్కల పేర్లున్నాయి అందులో. మినుము, పెసర, అలసంద, మిగతావన్నీ వాటి అడవి చుట్టాలు.

"వీటిలో ఎవరు ఎవరికి దగ్గరో మీ లెక్కలతో చెప్పగలరా మేడమ్?" అన్నారు.

"నన్నడుగుతారేంటండీ, బోటనీ మీది కదా" అన్నాను.

"మావాళ్లకి వెయ్యి జన్యువులు చూస్తే వెయ్యి జవాబులు వస్తున్నాయండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

మినుముకి పల్లాకు తెగులు వస్తే చేను చేనంతా పసుపు పచ్చగా మారి, కాయ నిలవదు. ఆ తెగుల్ని తట్టుకునే అడవి మొక్కలున్నాయి. వాటితో మినుముని సంకరం చేయాలంటే ఏది దగ్గర చుట్టమో తెలియాలి, దూరపు వాటితో కలిపితే గింజ కట్టదు. ఇదీ ఆయన అవసరం. వెయ్యి జన్యువులు వెయ్యి జవాబులు ఎందుకు చెబుతాయో ఆయన వివరిస్తుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మా తాతగారి పేరు సుబ్బారావు. ఆయన పోయాక నలుగురు కొడుకులూ తమ పెద్దకొడుకులకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, మనుషులు నలుగురు. బయటి మనిషెవరో వచ్చి గుడివాడలో ఒక సుబ్బారావుని, ఏలూరులో ఇంకో సుబ్బారావుని చూసి, ఇద్దరూ ఒకడే అనుకుని మా వంశవృక్షం గీస్తే పిల్లలందరూ తారుమారైపోతారు. జన్యువుల్లోనూ అదే తంతు. ఎప్పుడో ఒక ముత్తాత మొక్కలో ఒక జన్యువుకి రెండో కాపీ పుడుతుంది. రెండు కాపీలూ సంతానానికి వెళ్తాయి. ఒక శాఖలో ఒకటి పోతుంది, ఇంకో శాఖలో రెండోది పోతుంది. మిగిలిన వాటికి పేరు ఒకటే, పుట్టుక వేరు. ఇలా ఒకే మూలం నుంచి వచ్చిన కాపీలన్నింటినీ కలిపి జన్యు కుటుంబం అంటారు.

అందుకని ఒక్కో కుటుంబం ఒక్కో కథ చెబుతుంది. పెళ్లిలో నలుగురు పెద్దావిడల్ని కూర్చోబెట్టి వంశం సంగతి అడిగినట్టు ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పరు, కథలు మాత్రం కలవవు. మనం ఏదో ఒక వంశవృక్షాన్ని ఊహించుకుని, ప్రతి కథనీ దానితో సరిపెట్టాలి. ఇక్కడ కాపీ పుట్టింది, అక్కడ కాపీ పోయింది అని సర్దుబాట్లు చేసుకోవాలి. అన్ని కథలకూ కలిపి అతి తక్కువ సర్దుబాట్లతో సరిపోయే వృక్షం ఏదైతే, అది మన జవాబు.

ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. అతి తక్కువ అన్నారంటే అది నా ఇలాకా. పది మొక్కలకి ఎన్ని వృక్షాలు గీయొచ్చో అక్కడికక్కడే లెక్క కట్టి చూపించాను. మూడు కోట్ల నలభై నాలుగు లక్షల పైచిలుకు. శేషయ్య గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ అంకెను చూశారు.

"ఇన్ని గీసి చూస్తారా?" అన్నారు.

"ఒక్కటీ గీయనండీ" అన్నాను.

ఉపాయం చెబుతాను, మీకూ సరదాగా ఉంటుంది. ప్రతి గుంపుకీ ఒక స్విచ్ పెట్టుకోండి. ఈ మూడు మొక్కలూ ఒకే తల్లి పిల్లలా? అయితే స్విచ్ ఒకటి, కాకపోతే సున్నా. ఒకదానికొకటి పొసగని గుంపుల స్విచ్‌లు కలిసి వెలగకూడదు. ఏ స్విచ్‌లు వెలిగిస్తే సర్దుబాట్లు అతి తక్కువ అవుతాయో కంప్యూటర్ వెతుకుతుంది. వెతికేటప్పుడు తెర మీద రెండు అంకెలు కనిపిస్తుంటాయి. పైది, ఇప్పటివరకు దొరికిన మంచి వృక్షానికి పట్టిన సర్దుబాట్లు. కిందది, ఏ వృక్షమైనా ఇంతకంటే తగ్గదని రుజువైన హద్దు. పైది దిగుతూ ఉంటుంది, కిందది ఎక్కుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న తేడాని గ్యాప్ అంటాం. గ్యాప్ సున్నా అయిందంటే ఇక వాదన లేదు. ఆ రెండంకెలూ దగ్గరవుతుంటే నాకు క్రికెట్ ఆఖరి ఓవర్ చూస్తున్నట్టు కాళ్లు నిలిచేవి కావు.

సువార్త

ఈ పనికి మాకు దొరికిన రీసెర్చ్ స్కాలర్ సువార్త. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ఏసుదాసు గారు కౌలు రైతు, చర్చిలో డోలక్ వాయిస్తారు. సువార్త మాట తక్కువ. అనుమానం వస్తే పెన్సిల్ జడలో దోపుకుని కాగితం వైపే చూస్తూ కూర్చుంటుంది. అలా కూర్చుందంటే మనం ఎక్కడో తప్పు చేశామని అర్థం. ఆ అర్థం నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

పది మొక్కల్లో తొమ్మిదింటి ఆకులు ఇతర చోట్ల నుంచి వచ్చాయి. మినుము మాత్రం మన డెల్టాదే కావాలన్నాను. మన మినుము లేకుండా మినుము వంశం ఏమిటని నా పట్టుదల. సువార్తకి ఆ వారం జ్వరం. సరే, నేనే వెళ్తానని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను.

మా వైపు మినుముకి దుక్కి దున్నరు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ చేలో విత్తనం చల్లేస్తారు. కోత అయ్యేసరికి వరి దుబ్బుల మధ్య మొలకలు లేస్తాయి. నేను వెళ్లేసరికి చేనంతా మొదటి జత ఆకులతో లేతగా మెరిసిపోతోంది. ఆ పచ్చదనం చూసి నాకు చిన్నపిల్లలా సంబరం వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని చేలోకి దిగాను.

"ఇది మినుమేనా అండీ?" అని అడిగాను.

"మినుమేనండి" అన్నారు ఏసుదాసు గారు.

దుబ్బు దుబ్బుకీ తిరిగి లేత ఆకులు గుప్పెట్లతో కోశాను. అన్నీ కలిపి ఒకే సంచిలో వేసి, ఐసు పెట్టెలో పెట్టుకుని వచ్చాను. లెక్కల మేడమ్ పొలానికి వెళ్లి ఆకులు కోసుకొచ్చిందని కాలేజీలో నాలుగు రోజులు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెట్టింపు

జన్యువుల సమాచారం చేతికి రావడానికి నెలలు పట్టింది. ప్రోగ్రాం సువార్తా నేనూ కలిసి రాశాం. అన్నీ సిద్ధం చేసి నడిపించిన నాలుగో రోజు, పదకొండు గంటల క్లాసుకి వెళ్లబోతూ తెర వైపు చూశాను. పై అంకె, కింది అంకె ఒకటే. గ్యాప్ సున్నా. క్లాసు సంగతి మర్చిపోయి అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

వచ్చిన వృక్షం చూసి శేషయ్య గారి గొంతు బజారు దాకా వినపడింది. మినుము, పెసర అక్కచెల్లెళ్లని అందరం అనుకుంటాం కదా, ఈ వృక్షంలో మినుము ఎక్కడో దూరంగా విడిపోయి ఉంది. అంతకంటే వింత ఇంకోటి ఉంది. కుటుంబం తర్వాత కుటుంబంలో మినుముకి మాత్రం రెండేసి కాపీలు. అంటే ఎప్పుడో ఒక ముత్తాత మొక్కలో జన్యువులన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి, మిగతా శాఖలన్నీ తర్వాత ఒక్కో కాపీ పోగొట్టుకున్నాయి, మినుము రెండూ దాచుకుంది. ఇలాంటిది దొరకడమంటే మామూలు సంగతి కాదు. శేషయ్య గారు డిపార్ట్‌మెంట్ అందరికీ బందరు లడ్డూలు పంచారు. నా జన్మకి ఇది చాలు అనుకున్నాను నేను.

ఆ లడ్డూల మధ్య సువార్త పెన్సిల్ జడలో దోపుకుని కూర్చుంది.

"మేడమ్, ఒకసారి ఈ పట్టిక చూడండి" అంది. "మినుముకున్న రెండు కాపీల్లో మిగతావాటికి పోయింది ప్రతిసారీ ఒకే వైపుదండీ. నిజంగా రెట్టింపైతే ఒక కుటుంబంలో ఇటుది పోవాలి, ఇంకో కుటుంబంలో అటుది పోవాలి కదండీ. ఇన్ని కుటుంబాల్లో అందరూ ఒకే వైపు కాపీని ఎలా పోగొట్టుకుంటారు?"

అందరి ముందూ నాకు చిర్రెత్తుకొచ్చింది. "గ్యాప్ సున్నా వచ్చింది. సున్నా అంటే ఏమిటో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసండీ" అంది, పట్టిక మడిచి పుస్తకంలో పెట్టుకుంది. తన లడ్డూ టేబుల్ మీద అలాగే ఉండిపోయింది. వారం తిరగకుండా పేపర్ జర్నల్‌కి పంపించాం. మొదటి పేరు సువార్తదే.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల అడిగింది బంగారం లాంటి ప్రశ్న. రుజువు ఉన్నదంటే, మనం ఇచ్చిన సమాచారానికి ఇంతకంటే మంచి జవాబు లేదని మాత్రమే. సమాచారం సంగతి రుజువుకి తెలియదు. ఈ మాట నేను ప్రతి ఏడూ ఫైనలియర్ పిల్లలకి చెప్పేదాన్ని. మస్తాన్ గారి కథతో సహా చెప్పేదాన్ని. నా దగ్గరికి వచ్చేసరికి అది పనిచేయలేదు.

చేట

నెల రోజుల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం సువార్త వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని పటమటలో మా ఇంటికి వచ్చింది. ఏసుదాసు గారి చేతిలో ఒక గుడ్డ సంచి. ఇంట్లో కూర్చోమని కుర్చీ వేస్తే, కూర్చోకుండా "చేట ఉందా అండి?" అని అడిగారు.

చేట తెచ్చిచ్చాను. సంచిలోని విత్తనాలు అందులో పోసి నాలుగుసార్లు కదిపారు. నల్లటి మినుములు ఒక పక్కకి చేరాయి. వాటి పక్కన ఇంకో చిన్న గింజల వరస.

"ఇవేమిటండీ?" అన్నాను. అడిగేటప్పటికే నాకు తెలుసు. చిన్నప్పుడు గుడివాడ వైపు మా ఇంట్లో వీటిని గుప్పెట్లతో పట్టుకుని ఆడుకున్నదాన్ని.

"పిల్లిపెసరండి. గేదె మేతకి. మినుములో కలిపే చల్లుతామండి."

మా అమ్మ కూడా అలాగే చల్లించేది. అందరూ అంతే. చల్లేది రెండూ కలిపే, కాని దాన్ని మినుము చేనే అంటారు. పిల్లిపెసర పేరు ఎవరూ ఎత్తరు, అది పశువులకు కదా. మొదటి జత ఆకుల దశలో ఏది ఏదో నా కంటికి తెలియదు. నేను గుప్పెళ్లతో కోసి ఒకే సంచిలో వేసింది రెండు మొక్కల ఆకులు.

ఇక అంతా విప్పి చెప్పినట్టే అయింది. ఒక పేరు కింద రెండు మొక్కల జన్యువులు ఉంటే ప్రతి కుటుంబంలోనూ రెండు కాపీలు కనిపించక ఏమవుతాయి? మిగతా మొక్కలు ఒకే వైపు కాపీని పోగొట్టుకున్నాయని మనకు అనిపించింది. అవి ఏమీ పోగొట్టుకోలేదు, ఆ కాపీ వాటికి ఎప్పుడూ లేదు. పాపం నా ప్రోగ్రాం, నేను పెట్టిన చెత్తని అతి తక్కువ సర్దుబాట్లతో సర్దిపెట్టింది. పిల్లిపెసర మా పది మొక్కల్లో ఒకటిగా ఉండి ఉంటే ఆ రెండో కాపీ వెళ్లి దాని పక్కన చేరేది, దొంగ అప్పుడే దొరికేవాడు. మొదట్లో ఆ మాట వస్తే, గేదె మేత మన పట్టికలో ఎందుకండీ అని శేషయ్య గారు అంటే నేనూ తలూపాను.

నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. లేచి వెళ్లి మజ్జిగ కలిపి తెచ్చాను. ఏసుదాసు గారు తాగి, బస్సు టైమవుతోందని మెట్లు దిగారు. సువార్త చేట పట్టుకుని నిలబడింది.

"మీకు ఏమీ కాదండీ" అంది మెల్లగా. "మీరు రిటైరవుతున్నారు. సార్ పెద్దవారు. నాది మొదటి పేపరండీ. రేపు ఇంకెవరో ఒక్క మొక్క పెంచి చూస్తే, రెట్టింపు లేదని తెలిసిపోతుంది. అప్పుడు అందరూ నా పేరే చదువుతారండీ."

ఆ మాట తగిలినంతగా నాకు ఉద్యోగంలో ఏ మాటా తగల్లేదు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు మార్చితో అయిపోతుంది. థీసిస్‌లో సగం ఆ రెట్టింపు మీదే ఉంది. వెనక్కి తీసుకుంటే నాలుగేళ్ల పని పోయే ప్రమాదం, తీసుకోకపోతే జీవితాంతం భయం. ఆమె పట్టిక చూపించిన రోజున నేను విని ఉంటే పేపరు కాలేజీ గేటు దాటేది కాదు. "నాదే తప్పు సువార్తా" అన్నాను.  ఆమె చేట నా చేతికిచ్చి వెళ్లింది.

పదకొండో మొక్క

సోమవారం శేషయ్య గారికి చెప్పాను. మొహం ఎర్రబడింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. తిట్లకు సిద్ధంగా ఉన్నాను.

"పిల్లిపెసర వద్దన్నది నేనే కదండీ" అన్నారు.

ఆ మధ్యాహ్నమే జర్నల్‌కి తన పేరు మీద ఉత్తరం రాసి పేపరు వెనక్కి తీసుకున్నారు. కారణం ఒక్క ముక్క దాచకుండా రాశారు. ఆయన మీద నాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఎదుటివాళ్ల మాట వినరు, ప్రతి మీటింగూ సొంత ఉపన్యాసంతో మొదలుపెడతారు. ఆ ఒక్క ఉత్తరానికి అవన్నీ మాఫీ చేశాను.

ఇక చూడండి మా పరుగు. పొలంలో మినుము మొలిచేదాకా ఆగే టైము లేదు. మా డాబా మీద కుండీలు పెట్టాం. ఏసుదాసు గారు మళ్లీ వచ్చి గింజ గింజా వేరుచేసి ఇచ్చారు. ఒక కుండీలో ఒక గింజ, ఒక మొక్క ఆకు ఒక కవరులో. శేషయ్య గారు రోజూ పొద్దున్నే వాకింగ్ నెపంతో వచ్చి కుండీలకు నీళ్లు పోసి, మొక్కలకు కూడా ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్లేవారు.

పట్టికలో పది పోయి పదకొండు మొక్కలయ్యాయి. ఒక్క గేదె మేత చేర్చినందుకు మూడు కోట్ల వృక్షాలు కాస్తా అరవై అయిదు కోట్లు దాటాయి. ఆ అంకె చూసి నేను పకపకా నవ్వాను, సువార్త కూడా నవ్వింది. చేట రోజు తర్వాత నా ముందు ఆమె నవ్వడం అదే మొదలు.

ప్రోగ్రాం నడిపించాం. పై అంకె చకచకా దిగి ఒక చోట ఆగింది. కింది అంకె ఎక్కనంటే ఎక్కనంది. అయిదు రోజులు చూశాం. ఫిబ్రవరి సగం అయిపోయింది. నాకు అన్నం సయించలేదు. ఆరో రోజు సువార్త పెన్సిల్ జడలో దోపుకుని కూర్చుంది. ఈసారి నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను.

"చెప్పు" అన్నాను.

"కంప్యూటర్ మనల్ని మోసం చేస్తోందండీ. ఈ మూడు గుంపుల్లో ఏ రెండూ కలిసి వెలగకూడదని రాశాం. హద్దు లెక్క త్వరగా తేలాలని, స్విచ్ ఒకటీ సున్నాలే కాక సగం వెలిగినా మనం ఒప్పుకుంటున్నాం కదండీ. అది మూడింటినీ సగం సగం వెలిగిస్తోంది. ఏ రెండు సగాలు కలిపినా ఒకటే, కాబట్టి మన షరతు తప్పలేదు. మూడూ కలిపితే ఒకటిన్నర అయిపోతోంది."

"అయితే?"

"మూడింటి మొత్తమూ ఒకటికి మించకూడదని ఇంకో షరతు పెడదామండీ. ఇలాంటి ముగ్గురు ఎక్కడున్నా."

నేను ముప్పై మూడేళ్లు క్లాసులో బోర్డు మీద గీసిన పాఠమే అది. సరైన చోట సరైన టైముకి గుర్తొచ్చింది మాత్రం ఆమెకి. షరతులు చేర్చి మళ్లీ నడిపించాం. కింది అంకె ఒక్క ఉదుటున లేచింది. టీ తాగి వచ్చేలోపు ఇంకొంచెం లేచింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, టిఫిన్ డబ్బాలు తెరిచి పెట్టుకుని తెర వైపే చూస్తుండగా రెండంకెలూ ఒక్కటయ్యాయి. శేషయ్య గారు చేతిలో పెరుగన్నం ముద్దతో లేచి నిలబడ్డారు. నేను సువార్తని కావలించుకున్నాను, నా కళ్లజోడు ఊడి ఆమె సాంబారులో పడింది.

మినుము, పెసర మళ్లీ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లిపెసర ఆ రెండింటికీ దగ్గర్లోనే తన కొమ్మ మీద తను ఉంది. రెట్టింపు జాడ లేదు. మొక్క ఒకటి ఎక్కువైనా సర్దుబాట్లు బాగా తగ్గిపోయాయి. పెద్ద వార్త పోయి చిన్న నిజం వచ్చింది. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ చిన్న నిజానికి నాకు మొదటిసారి కంటే ఎక్కువ ఆనందం కలిగింది.

వైవా

థీసిస్ గడువుకి రెండు రోజుల ముందు అందింది. అందులో మూడో అధ్యాయం పేరు 'జరగని రెట్టింపు'. పాత లెక్క, దాని రుజువు, అది ఎందుకు తప్పో అంతా ఉంది. ఆ అధ్యాయం తీసేద్దామా అని నేనే ఒకసారి అడిగాను. "ఉంచుదామండీ, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది" అంది. ఆకులు ఎవరు కోశారో మాత్రం అందులో రాయలేదు.

వైవా మే నెలలో. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు నిప్పుల్లాంటి మనిషి. సువార్త రెండు గంటలు నిలబడి జవాబులు చెప్పింది. ఏసుదాసు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. చివర్లో ఎగ్జామినరు గారు మూడో అధ్యాయం తెరిచారు.

"ఇంత జాగ్రత్తగా లెక్క చేసినవాళ్లు, నమూనా ఇంత అజాగ్రత్తగా ఎలా తీశారమ్మా? ఎవరు తీశారిది?" అని అడిగారు.

సువార్త తల దించుకుంది. జవాబు చెప్పకపోతే ఆ తప్పు ఆమె ఖాతాలోకే వెళ్తుంది. చెప్పేలా లేదు. నేను గైడ్ కుర్చీలోంచి లేచాను.

"నేనండీ" అన్నాను. "ఆ అమ్మాయికి జ్వరమొస్తే నేను వెళ్లి కోసుకొచ్చాను. ఆమెకి అనుమానం వచ్చి చెబితే అందరి ముందూ కసురుకున్నది కూడా నేనే."

 అప్పుడు ఆఖరి బెంచీలోంచి ఏసుదాసు గారు లేచారు.

"మేడమ్ గారి తప్పేం లేదండి. ఆవిడ మినుమేనా అని అడిగారు. నేను మినుమేనన్నానండి" అన్నారు.

ఎగ్జామినరు గారు వెనక్కి తిరిగి, ఆయన ఎవరో కనుక్కుని, కొంచెం మెత్తబడ్డారు. "మరి మీ అమ్మాయికి ఎలా తెలిసిందండీ?"

"వాళ్ల మేడమ్ కసిరారని ఇంటికొచ్చి ఏడ్చిందండి. పొద్దున్నే లేచి, నాన్నా, ఆ చేలో ఏమేం చల్లావు, అని అడిగింది. అలా అడిగితే చెప్పానండి."

ఎగ్జామినరు గారు రిపోర్టు మీద ఏదో రాసి, సంతకం చేసి, పెన్ను మూత పెట్టారు. "డాక్టర్ సువార్త గారూ, ఇక కూర్చోండి" అన్నారు. ముందు వరసలో ఆమెకు కుర్చీ వేసి ఉంది. సువార్త దాన్ని దాటుకుని హాలు చివరిదాకా నడిచి వెళ్లి, ఆఖరి బెంచీ మీద వాళ్ల నాన్న పక్కన కూర్చుంది.